ఆరో నంబరు దస్తూరి

మా పెదమేడపల్లి మండలంలో చదువురాని మనిషంటూ లేడు. ఇది నేను చెబుతున్న మాట కాదు. మండల కార్యాలయం గోడకి ఎనిమిదడుగుల నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాసి ఉంది. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. చదవలేనివాళ్ళు ఎలాగూ లేరు కనక, ఆ బోర్డులో ఏముందో తెలియనివాళ్ళు కూడా లేరు.

ఆ బోర్డు అక్కడికి రావడంలో నా పాత్ర కొంత ఉంది. కొంత అని మర్యాదకి అంటున్నాను. నా పేరు తాలాడ ఈశ్వర్రావు. మండల సంపూర్ణ అక్షరాస్యతా విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. విభాగం అంటే మా అధికారి ఇందుకూరి వరహాలరాజు గారూ, నేనూ, ఒక బీరువా. కిందటి జూలైలో జిల్లా నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మండలంలోని నిరక్షరాస్యులందరికీ పరీక్ష పెట్టాలి, అందరూ ఉత్తీర్ణులు కావాలి. ఫలితం కూడా ఉత్తర్వులోనే ఉండేసరికి మాకు సగం పని తగ్గింది.

పరీక్ష ఆదివారం పెట్టాం. ముందురోజు మంచి వాన పడి మడులన్నీ నాట్లకి సిద్ధమయ్యాయి. నాలుగు వందల పన్నెండు మంది అభ్యాసకుల్లో బడికి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. అందులో ముగ్గురు జల్లు తగ్గేదాకా తలదాచుకోడానికి వచ్చారు. మిగతావాళ్ళంతా మోకాలిలోతు నీళ్ళలో వంగి ఉన్నారు. రాజుగారు ఖాళీ బల్లలకేసి కాసేపు చూసి గొంతు సవరించుకున్నారు.

"ఈశ్వర్రావ్, పరీక్ష అనేది వ్యవస్థ. అభ్యాసకుడు అనేవాడు వ్యక్తి. వ్యక్తి రాలేదని వ్యవస్థ ఆగకూడదోయ్. అంచేత కానియ్."

కానిచ్చాను. దస్తూరి మార్చి రాయడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. స్కూల్లో సగం క్లాసుకి ఇంటి దగ్గర్నుంచి తెచ్చే ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. మొత్తం ఆరు దస్తూరులున్నాయి నాకు. ఒకటోది కుర్రకారు కోసం, కుడివైపు వాలి పరుగెడుతుంది. అయిదోది ఎడమచేత్తో రాస్తాను, బాగా ముసలివాళ్ళకి. ఆరోది నడివయసు దాటిన ఆడవాళ్ళకి. గుండ్రంగా, నిదానంగా, తలకట్లు కాస్త పెద్దవిగా, సంతకం చివర చిన్న వంకరతో ఉంటుంది. నా మటుకు నాకు ఆరోదే ఇష్టం. నాలుగు వందల ముగ్గురికి ఆరు దస్తూరులు సర్దాను. అందరికీ అన్నీ సరిగ్గా రాస్తే బాగుండదని కొందరికి తప్పులు కూడా నేనే శ్రద్ధగా రాశాను. హాజరు పట్టీలో సంతకాలు కూడా పూర్తి చేసేసరికి చూపుడువేలు వాచింది. రాజుగారు స్వయంగా కొబ్బరినూనె తెప్పించారు.

అక్టోబరులో ఫలితాలొచ్చాయి. నూటికి నూరు శాతం. జిల్లా పెద్దలు వచ్చి రాజుగారికి శాలువా కప్పారు, కార్యాలయానికి ఇత్తడి షీల్డు ఇచ్చారు. అందరికీ చదువొచ్చాక వేలిముద్ర ఉండటం మండలానికి అవమానం కనక ఆ రోజునుంచే దాన్ని రద్దు చేశారు. అన్ని కార్యాలయాల్లోంచీ సిరా ప్యాడ్లు పోగుచేశాం. ఒకదాన్ని మాత్రం అద్దాల పెట్టెలో పెట్టి, "గతకాలపు అంధకారానికి గుర్తు" అని కింద చీటీ అంటించాం. రేషన్ షాపులో యంత్రం మీద వేలు పెట్టడం వేలిముద్ర కిందికి రాదనీ, అది సదరు యంత్రానికి చదువు రాకపోవడం వల్ల కలిగిన తాత్కాలిక అసౌకర్యమనీ వేరే మెమో వచ్చింది. రాత్రి బడులు మూసేసి పలకల్ని గోదాములో పడేశాం. కార్యాలయం గుమ్మం పక్కన "చదవడం రానివారు గుమాస్తాను అడగగలరు" అని పాత రాత ఒకటి ఉండేది. దాని మీద సున్నం కొట్టించాం.

అంతా చక్కగా జరిగిపోతున్న రోజుల్లో గొర్లె సూరీడమ్మ వచ్చింది.

నవంబరులో ఒక సోమవారం. సోమవారం మా ఊళ్ళో సంత. ఆవిడది బొడ్డవలస. యాభై దాటిన మనిషి. మొగుడు తవుడు గోగునారతో తాళ్ళు పేనితే, ఆవిడ ఆ తాళ్ళు సంతకి తెచ్చి అమ్ముతుంది. తాళ్ళ చుట్ట భుజాన్నించి దించి, నా బల్ల ముందు నిలబడింది.

"బాబూ, రాత్రి బడిలో నా పేరు రాసుకోవాల."

"రాత్రి బడి ఎత్తేశారమ్మా."

"ఏటికి?"

"అందరికీ చదువొచ్చేసింది."

"నాకు రానేదు బాబూ," అంది, తన ఒక్కదాని వల్ల ఏదో పెద్ద పని చెడిపోయినట్టు నొచ్చుకుంటూ.

ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు చదువెందుకని అడిగాను. ఆవిడ నేల మీద కూర్చుని చెప్పింది.

"మాయనకి దసరా ముందు కుడికన్ను ఆపరేసనైనాది. దర్మాసుపత్రిలోనే. కంట్లో మందు ఎయ్యమని సీసా ఇచ్చినారు. ఆయనకి ఎప్పుట్నుంచో సెవి కారతాది, ఆ మందు సీసా కూడా ఇంటికాడ ఉన్నాది. రెండూ ఒకలాగే ఉన్నాయి బాబూ. కాంపౌండరు బాబు పాపం తెల్లకాయితాలంటించి రాసిచ్చినాడు, ఇది కన్ను, ఇది సెవి అని. నాకేటి తెలుసు? సెవిలో మందు అట్టుకెల్లి కంట్లో ఏసీసినాను. ఒక్కరోజు కాదు, మూడు రోజులు. మంట, మంట అని ఆయన ఏడుస్తంటే, మందు పన్జేత్తంది ఓర్సుకో అన్నాను."

ఆ కన్ను పోయింది. ఎడమకంటిక్కూడా పొర కమ్మింది. శివరాత్రి వెళ్ళాక తీసుకు రమ్మన్నారు.

"మళ్ళీ రెండు సీసాలూ నా సేతికే ఇత్తారు," అంది సూరీడమ్మ. "ఆ రెండు మాటలూ సదవడం వచ్చిందంటే సాలు బాబూ. ఇంకేటీ వొద్దు."

రిజిస్టరు తీసి చూశాను. వరుస సంఖ్య రెండు వందల ముప్పై ఏడు, గొర్లె సూరీడమ్మ, బొడ్డవలస, డెబ్బై ఒకటి మార్కులు. సంతకం గుండ్రంగా, చివర చిన్న వంకరతో ఉంది.

"నీకు డెబ్బై ఒకటి వచ్చాయమ్మా," అన్నాను.

"ఏటివి?"

ఆవిణ్ణి రాజుగారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన సంగతంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా, నువ్వు నిరక్షరాస్యురాలివని నువ్వు అంటున్నావ్. అక్షరాస్యురాలివని రికార్డు అంటోంది. నువ్వు మనిషివి, పొరపాటు పడే అవకాశం ఉంది. రికార్డుకి ఆ అవకాశం లేదు. అయినా ప్రజాస్వామ్యం కాబట్టి నీకో మార్గం చెబుతాను. నీకు చదువు రాదని స్వదస్తూరితో దరఖాస్తు పెట్టుకో. పరిశీలిస్తాం."

"పరీచ్చ నాడు నాను నాట్లలో ఉన్నాను బాబుగోరూ."

"అది నీ శ్రద్ధాసక్తుల్ని తెలియజేస్తోంది," అన్నారు రాజుగారు. "నాట్లలో ఉండి కూడా డెబ్బై ఒకటి తెచ్చుకున్నావ్."

దరఖాస్తు నేనే రాశాను. ఆవిడ చూస్తుండగా సంతకం కూడా అలవాటు ప్రకారం నేనే పెట్టాను. వేలిముద్ర రద్దయింది కదా, మరో దారి లేదు. మా కార్యాలయంలో ఏ కాగితానికైనా పైన విషయమని ఒక వరుస ఉండాలి. దాన్ని బట్టే ఫైలు తెరుస్తాం. ఒకసారి తెరిచాక ఆ ఫైలులో నడిచే ప్రతి ఉత్తరం మీదా అదే వరుస అక్షరం మారకుండా రావాలి. నేను రాసిన వరుస ఇది: "విషయము: గొర్లె సూరీడమ్మ – భర్త కన్ను, చెవి మందు – చదువు నేర్పమని కోరుట – గురించి."

పదిహేను రోజులకి జవాబు తయారైంది. రాజుగారు చెబుతుంటే నేను టైపు చేశాను. "సదరు దరఖాస్తు పరిశీలించడమైనది. దరఖాస్తు చక్కని దస్తూరితో, తప్పులు లేకుండా ఉన్నందున మరియు సంతకము రికార్డుతో సరిపోయినందున, దరఖాస్తుదారు అక్షరాస్యురాలని నిస్సందేహముగా రుజువైనది. కావున తిరస్కరించడమైనది." ముద్ర కొట్టి, కవరు మీద పేరు టైపు చేసి టపాలో వేశాను.

సోమవారం సూరీడమ్మ ఆ కవరు పట్టుకుని మా కార్యాలయానికే వచ్చింది. ఊళ్ళో చదివి పెట్టేవాళ్ళు లేరా అని అడిగితే, "అందరికీ సదువొచ్చీసిందని బోర్డు ఎట్టినారు కదా, ఇంక ఎవుల్నడిగినా నవ్వుతన్నారు బాబూ," అంది. నేను టైపు చేసి, నేను టపాలో వేసిన ఉత్తరాన్ని మళ్ళీ నేనే చదివి వినిపించాను.

"అంటే ఏటన్నట్టు?"

"కాదన్నారు."

"ఎక్కడున్నాది ఆ మాట?"

చివరి మాట కింద వేలు పెట్టి చూపించాను. ఆవిడ వంగి, తాడులో ముడి వెతుకుతున్నదానిలా చూసింది. "ఇంత పొడుగేటి బాబూ?" అంది. తర్వాత కాగితం మడిచి, తాళ్ళ సంచిలో పెట్టుకుని సంతకి వెళ్ళింది.

తర్వాతి దరఖాస్తు ఆవిడ సొంత ఆలోచన. నేను రాస్తే చదువొచ్చినట్టవుతోంది కనక ఈసారి ఏమీ రాయకుండా ఇస్తానంది. తెల్లకాగితం తెచ్చి ఇచ్చింది. రాజుగారు దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి చాలాసేపు ఆలోచించారు. జవాబు ఇలా వెళ్ళింది: "రాయవలసిన చోట రాయకుండుటకు, అది రాయవలసిన చోటని ముందుగా చదివి గ్రహించి ఉండవలెను. కావున తిరస్కరించడమైనది."

సూరీడమ్మ సోమవారం వచ్చి ఇదీ నాచేత చదివించుకుంది. "భర్త కన్ను" అన్నచోట ఆపి, "ఇదేనా కన్ను?" అని వేలు పెట్టింది. అవునన్నాను. "సెవి?" అంది. చూపించాను. ఆ మాటలు పాత ఉత్తరంలో ఎక్కడున్నాయో సంచిలోంచి తీసి పోల్చి చూసుకుంది. నేను ఫైళ్ళ పనిలో ఉండి పట్టించుకోలేదు.

జనవరిలో ఆవిడ గోల పడలేక రాజుగారు జిల్లాకి రాశారు. జిల్లా వారు ఇలాంటి సందర్భాల కోసమే "నిరక్షరాస్యతా నిర్ధారణ పరీక్ష" అనే పథకం సిద్ధం చేసి ఉంచారట. పదిలోపు మార్కులొస్తే నిరక్షరాస్యులుగా గుర్తింపు పత్రం ఇస్తారు. అది ఉంటే రాత్రి బడి తెరవొచ్చు. ప్రశ్నాపత్రం మొదట్లో, సూచనలు జాగ్రత్తగా చదవకుండా సమాధానాలు రాసేవారు అనర్హులు అని ఉంది.

పరీక్ష మా కార్యాలయం వరండాలో జరిగింది. అభ్యర్థి ఒక్కతే. పర్యవేక్షకులు మాత్రం ముగ్గురు. సూరీడమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి మూడు గంటలూ కదలకుండా కూర్చుంది. కాగితం మీద చెయ్యి కూడా పెట్టలేదు, ఎక్కడ చెమట మరక పడి దానికి మార్కు వేస్తారోనని. ఖాళీ కాగితం నా చేతికిచ్చి, "ఈపాలి తప్పుతాను కదా బాబూ?" అంది.

"తప్పుతావమ్మా," అన్నాను. ఆ మాట మనసారా అన్నాను.

సాయంత్రం రాజుగారు ఆ కాగితం చూసి తెల్లబోయారు. "ఈశ్వర్రావ్, ఈ కాగితం ఇలా జిల్లాకి వెళితే ఏమవుతుందో తెలుసా? నూటికి నూరు కాస్తా నూటికి తొంభై తొమ్మిది పాయింటు ఎంతో అవుతుంది. షీల్డు వెనక్కి ఇవ్వాలి. బోర్డు మళ్ళీ రాయించాలి. ఒక మనిషి చదువు కోసం ఒక మండలం చదువు పోగొట్టుకుంటుందా?"

"ఆవిడ మొగుడికి ఉన్నది ఒక్క కన్నేనండి," అన్నాను.

"అది వైద్యశాఖకి సంబంధించిన విషయం."

నేను ఇంకో మాట అనలేదు. అనాల్సింది. ఉద్యోగం కన్ఫర్మ్ కావడానికి ఎనిమిది నెలలుంది నాకు. సీటులో కూర్చుని ఆరో నంబరు దస్తూరిలో ఆ కాగితం నింపాను. ఈసారి కావాలని తప్పులు పెట్టబోతే రాజుగారు వెనక నిలబడి దిద్దించారు.

ఎనభై నాలుగు మార్కులొచ్చాయి. మొత్తం అభ్యర్థుల్లో ప్రథమ స్థానం. నిరక్షరాస్యతా నిర్ధారణ పరీక్షలో ఇంతటి ప్రతిభ చూపినందుకు జిల్లా వారు ప్రశంసాపత్రం పంపారు. మూడో తరగతితో సమానమని ఒక ధ్రువపత్రం, ఇంకో పరీక్ష రాస్తే అయిదో తరగతి కూడా ఇస్తామని ఒక ఆహ్వానం జత చేశారు. వాటన్నిటి మీదా నియమం ప్రకారం అదే విషయపు వరుస ఉంది.

సోమవారం సూరీడమ్మ కవరు చింపి, కాగితాలు తనే విప్పి, నాకివ్వకుండా కిందివరకూ కళ్ళతో వెతికింది.

"ఇందులో ఆ మాట నేదేటి బాబూ?"

"ఏ మాట?"

"అదే, ఆ పొడుగుది."

నేను ఆవిడకేసి చూశాను. నిజమే, ప్రశంసాపత్రంలో ఆ మాట ఉండదు. అంటే గుర్తింపు ఇచ్చేసినారా అని ఆవిడ మొహం వెలిగింది. నేను విషయం చెప్పాక ఆ వెలుగు అలాగే ఉండి మెల్లగా పోయింది. "మళ్ళీ పాసైపోనానా," అంది. ఆ మాట ఇంత దిగులుగా అనడం నేనెక్కడా వినలేదు.

ఆ తర్వాత ఆవిడ ఇంకో మూడు దరఖాస్తులు పెట్టింది. మూడూ తిరస్కరించడమైనది. శివరాత్రి వెళ్ళింది.

ఫిబ్రవరి నెలాఖరులో ధర్మాసుపత్రి వాళ్ళు తవుడికి తేదీ ఇచ్చారు. ఆపరేషనుకి ఇంటివాళ్ళ అంగీకారపత్రం కావాలి. వేలిముద్ర చెల్లదు కనక సంతకం ఉండాలి. పెట్టిన సంతకం అసలైనదేనా అని అక్షరాస్యతా రికార్డుతో పోల్చి మా కార్యాలయం ముద్ర కొట్టాలి. మండలంలో అందరికీ చదువొచ్చాక దొంగ సంతకాలు పెరుగుతాయని ముందుచూపుతో పెట్టిన నియమం అది.

సూరీడమ్మ ఆ పత్రం తెచ్చి రాజుగారి బల్ల మీద పెట్టింది. నేను అలవాటుగా కలం తీశాను.

"వొద్దు బాబూ, నానెడతాను," అంది.

కలాన్ని పిడికిట్లో తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ కట్టెలు పేర్చినట్టు పేర్చింది. గొర్లె సూరీడమ్మ. గొ పెద్దది, ర్లె చిన్నది, సూ కొమ్ము పక్క గీత దాటి బయటికి వెళ్ళింది. ఆ పేరు ప్రతి కవరు మీదా, ప్రతి విషయపు వరుసలోనూ నేనే కొట్టాను. నాలుగు నెలలుగా మా కార్యాలయం ఒక్క అక్షరం నేర్పనని మొండికేస్తూ, ఉత్తరం వెంట ఉత్తరంగా ఆవిడ ఇంటికి పాఠం పంపుతోందని నాకు అప్పుడు తట్టింది.

రాజుగారు రిజిస్టరు తెప్పించి, భూతద్దం పెట్టి రెండు సంతకాలూ చూశారు.

"ఇది నీ సంతకం కాదు."

"నా పేరే కదా బాబుగోరూ."

"పేరు నీదే. కాదనడం లేదు. సంతకం నీది కాదు. నీ సంతకం ఎంత ముచ్చటగా ఉంటుందో చూడు, ఇదీ. నువ్వు రాసింది చదువు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ రాతలా ఉంది. ఈ మండలంలో చదువు కొత్తగా నేర్చుకునేవాళ్ళు లేరు. అంచేత దీన్ని ఫోర్జరీగా పరిగణించాల్సి వస్తోంది."

"నా పేరు నాను రాత్తే దొంగతనం ఏటి బాబుగోరూ?"

"ఆవేశపడకు. నువ్వు నువ్వేనని ధ్రువపరుచుకుంటే సరిపోతుంది. దానికి ఒకటే శాస్త్రీయమైన పద్ధతి." రాజుగారు నా వైపు తిరిగారు. "ఈశ్వర్రావ్, అద్దాల పెట్టె తాళం తియ్."

గతకాలపు అంధకారానికి గుర్తును తెచ్చి బల్ల మీద పెట్టాను. సిరా ఎండిపోతే రాజుగారే నాలుగు చుక్కలు నీళ్ళు పోశారు. సూరీడమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"నాను ఏలు ఎయ్యను. నాకు సంతకం వచ్చు."

"అయితే నీ సంతకం నువ్వు నేర్చుకోవాలి," అన్నారు రాజుగారు, రిజిస్టరు మూస్తూ. "రికార్డులో ఉన్నట్టు. ఈశ్వర్రావు నేర్పుతాడు. పదిరోజుల శిక్షణ. ఇదిగో ఇప్పుడే మంజూరు చేస్తున్నాను."

ఆపరేషను ఎల్లుండి.

వరండాలోకి వచ్చాక ఆవిడ చేతిలోంచి అంగీకారపత్రం తీసుకున్నాను. ఆసుపత్రిలో దొరికే కాగితమే. అలాంటి ఖాళీది ఇంకోటి నా దగ్గర ఉంటే, దాన్ని తీశాను. గోడకి ఆనించి, గుండ్రంగా, నిదానంగా, తలకట్లు పెద్దవిగా, చివర చిన్న వంకర పెట్టి సంతకం చేశాను. నాలుగు వందల ముగ్గురికి రాసినప్పుడు లేనిది, అప్పుడు నాకు సిగ్గేసింది. ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది.

"ఇది నా పేరేనా?"

"నీ పేరే."

"ఆ పుస్తకంలో ఉన్నది కూడా ఇలాగే ఉన్నాది."

"అవును."

"నాట్లనాడు కూడా నువ్వేనా బాబూ?"

నేను తలూపాను. ఆవిడ వరండా మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి ఉత్తరాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా బదులు పరీచ్చ రాయడానికి పూటంతా కూకున్నావు," అంది. గొంతు పెంచలేదు. "ఆ పూట మా సేలగట్టుకి వొచ్చి, కన్నూ సెవీ రెండు మాటలు నాకు సూపించీసుంటే, మాయన కన్ను ఉండును."

నా తప్పేనన్నాను. "నీ ఒక్కడిదేనా ఏటి," అని, ఆవిడ రాజుగారి గది తలుపుకేసి చూసింది.

నేను పెట్టిన సంతకం రాజుగారు భూతద్దంతో చూసి సంతోషించారు. "చూశావా, శ్రద్ధ పెడితే ఒక్క పూటలో వచ్చేసింది. పది రోజులు అక్కర్లేకపోయింది," అని ముద్ర కొట్టించారు. సూరీడమ్మ స్వయంగా రాసుకున్న మొదటి సంతకాన్ని ఫోర్జరీ ఫైలులో భద్రపరిచారు.

ఆపరేషను అయింది. నేను సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి మనసు ఒప్పలేదు. తవుడు కట్టుతో మంచం మీద పడుకుని, ఎవరొచ్చారని అడిగాడు. సూరీడమ్మ "ఉత్తరాలు సదివే బాబు," అని చెప్పింది. కాంపౌండరు కంటిమందు సీసా తెచ్చి, తెల్లకాగితం అంటించి, పెన్నుతో గబగబా గీకి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇంటినుంచి తెచ్చిన చెవిమందు అప్పటికే సంచిలో ఉంది. ఆవిడ రెంటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. కాంపౌండరు రాత టైపులా ఉండదు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను.

ఆవిడ సంచిలోంచి ఒక పాత ఉత్తరం తీసి, విషయపు వరుస మీద వేలు నడిపింది. మళ్ళీ సీసా చూసింది.

"ఇది కన్ను," అంది. రెండోది ఎత్తి, "ఇది సెవి."

చెవిమందు సీసా తీసి సంచి అడుగున పెట్టి, దాని మీద తిరస్కరణ ఉత్తరాల కట్ట పెట్టి ముడేసింది. తర్వాత మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, కట్టు విప్పాక మందు ఎన్ని చుక్కలు వెయ్యాలని కాంపౌండరుని అడిగింది. తవుడికి ఆ కన్ను వచ్చింది. ఇప్పుడు తాళ్ళు పేనుతున్నాడు.

కథ అక్కడితో అయిపోవాలి. కాని ఫైలు అయిపోలేదు. ఏప్రిల్లో ఫోర్జరీ విచారణ మొదలైంది. రాజుగారు నోటీసు చెప్పారు, నేను టైపు చేశాను. "తమ పేరుతో గుర్తు తెలియని వ్యక్తి ఎవరో అసభ్యకరమైన దస్తూరితో సంతకము చేసినట్లు తేలినది. సదరు వ్యక్తి తమరే అయినచో, తమరు అక్షరాస్యురాలైన తమరే అని ధ్రువీకరిస్తూ, ఈ క్రింది గడిలో వేలిముద్ర వేసి పంపవలెను." ఈ ఒక్క సందర్భానికి వేలిముద్ర వాడకానికి జిల్లా నుంచి ప్రత్యేక అనుమతి కూడా తెప్పించారు.

సోమవారం సూరీడమ్మ నోటీసు పట్టుకుని వచ్చింది. చదవడానికి నేను చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. నా బల్ల పక్కన నేల మీద కూర్చుని, పాత ఉత్తరాల్లోని మాటలతో పోల్చుకుంటూ, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ, మొత్తం తనే చదువుకుంది. గంట పట్టింది. రెండు మాటలు మాత్రం నన్నడిగింది. ఒకటి "అసభ్యకరమైన." దాని అర్థం చెప్పడానికి నాకు కొంచెం కష్టమైంది.

చదవడం అయ్యాక లేచి నా కలం అడిగింది. నేను సిరా ప్యాడు కోసం లేవబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టి, వేలిముద్ర కోసం కేటాయించిన గడిలో, కట్టెలు పేర్చినట్టు ఒక్కో అక్షరం పేర్చి ఒకే మాట రాసింది. గడి చాలక చివరి రెండక్షరాలు బయటికి వచ్చాయి.

తిరస్కరించడమైనది.

దాని కింద సంతకం చేసింది. గొ పెద్దది, ర్లె చిన్నది. కాగితాన్ని నా వైపు తోసి, "వీటికి సివర ముద్ర ఉంటాది కదా బాబూ," అంది.

ముద్ర కొట్టాను.

సాయంత్రం రాజుగారు ఆ కాగితం చూసి, భూతద్దం పెట్టి మళ్ళీ చూసి, ఈ దస్తూరి ఎవరిదోయ్ అని అడిగారు. ఆవిడదేనండి అన్నాను. మన రికార్డులో ఇలాంటి దస్తూరి ఎక్కడా లేదే అన్నారు. లేదండి, మన దగ్గర ఉన్నవన్నీ నావే అన్నాను.